మీకు తెలుసా? గురకకు సాక్షి పక్కన పడుకునేవారే

గురక గురించి స్పెషలిస్టు దగ్గరికి వెళితే నోరు బాగా తెరిచి నాలుక బయటపెట్టమంటారు. గొంతు నొప్పికి వెళ్లినప్పటిలా "ఆ..." అనకూడదు. కొండనాలుక ఎంతవరకు కనిపిస్తోందో చూసి, ఒకటి నుంచి నాలుగు దాకా ఒక అంకె వేస్తారు. దాని పేరు మల్లంపాటి స్కోరు. అవును, అది మన తెలుగింటి పేరే! గుంటూరు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలోని బోస్టన్‌లో మత్తు డాక్టరుగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు గారు 1985లో ఈ పరీక్షను ప్రకటించారు. ఆపరేషన్ సమయంలో గొంతులో గొట్టం వేయడం ఎవరికి కష్టమవుతుందో ముందే పసిగట్టాలన్నది ఆయన ఉద్దేశం. నాలుక వెనక దారి ఇరుకైతే నిద్రలో ఊపిరికీ ఇబ్బందే కనుక, నిద్ర వైద్యులూ దాన్ని అందిపుచ్చుకున్నారు.

నిద్రలో ఊపిరి 10 సెకన్లు, అంతకు మించి ఆగితే ఒక అంతరాయంగా లెక్కేస్తారు. పెద్దవాళ్లలో ఇలాంటి అంతరాయాలు గంటకు 5 లోపయితే ఫరవాలేదు, 30 దాటితే తీవ్రం. అన్నిసార్లు ఆగినా ఆ మనిషికి తెలియదు. "నేనెక్కడ గురక పెడుతున్నాను?" అని నిజాయతీగానే అంటాడు. అందుకే డాక్టరు దగ్గరికి భార్యనో భర్తనో వెంటబెట్టుకుని వెళ్లడం చాలా ముఖ్యం. ఫోన్లో రెండు మూడు నిమిషాల వీడియో ఉంటే ఇంకా మేలు. గురక చప్పుడు ఒక్కటే చాలదు. గురక ఠక్కున ఆగిపోవడం, చప్పుడు లేకపోయినా ఛాతీ ఎగసిపడుతుండటం, ఆపైన ఉలిక్కిపడి గాలి పీల్చడం కనిపించాలి. కాబట్టి దుప్పటి కాస్త తీసి, చిన్న దీపం వెలుగులో, వెల్లకిలా పడుకున్నప్పుడు తీయండి. తెల్లవారుజామున కలల నిద్ర ఎక్కువ. చాలామందికి ఊపిరి ఎక్కువగా ఆగేదీ అప్పుడే.

రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తుంటే షుగరో ప్రోస్టేటో అనుకుని ఊరుకోకండి, ఆ మాట గురక చూసే డాక్టరుకూ చెప్పండి. గొంతు మూసుకుపోయినప్పుడు గాలి కోసం ఛాతీ బలంగా లాగుతుంది. ఆ లాగుడుకు గుండె గది సాగి, మూత్రం పెంచే హార్మోనును వదులుతుంది. నాకు తెలిసి రోగులు చెప్పకుండా వదిలేసే లక్షణాల్లో ఇదే ముందుంటుంది. పొద్దున్నే తలనొప్పి, మూడు రకాల మాత్రలు వేసినా దిగని బీపీ కూడా అలాంటివే.

మందుల చీటీతో సరిపెట్టకుండా మాత్రల అట్టలే పట్టుకెళ్లండి. కొన్ని నిద్రమాత్రలు గొంతు కండరాలను సడలించి దారిని ఇంకా మూసేస్తాయి. మద్యం చేసేదీ అదే.

పగటి మగతను కొలవడానికి డాక్టరు దగ్గర ఎప్‌వర్త్ ప్రశ్నపత్రం ఇస్తారు. టీవీ చూస్తున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు కునుకు పడుతుందా వంటి 8 సందర్భాలుంటాయి, మొత్తం మార్కులు 24. 10 దాటితే పగటి మగత ఎక్కువున్నట్టే. అడిగేది అలసట గురించి కాదు, కునుకు గురించి.

పిల్లల తీరు వేరు. టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరిగి నిద్ర చెడిన పిల్లలు పగలు మగతగా ఉండటం కంటే కుదురు లేకుండా, చిరాగ్గా ఉంటారు, కొందరు పక్క తడుపుతారు. క్లాసులో నిలకడగా కూర్చోడంటూ టీచరు డైరీలో రాసి పంపితే, ఆ డైరీని కూడా డాక్టరుకు చూపించండి.