అమ్మ చేతిలో గేమ్ కంట్రోలరు

మీ ఇంట్లో ప్లేస్టేషనో, ఎక్స్‌బాక్సో ఉందా? ఎవరికోసం కొన్నారంటే పిల్లలకోసం అంటారు. కొందరు పిల్లల పేరు చెప్పి తమకోసమే కొనుక్కుంటారు! మరి ఆ డబ్బాలో సినిమాలు చూసేది ఎవరు? ఈ ప్రశ్న మేము ముందే వేసుకుని ఉంటే, కొన్నేళ్ళ క్రితం దుబాయిలో నేను పనిచేసిన ఒక ప్రాజెక్టు మూడు వారాలు ఆలస్యమయ్యేది కాదు.

గేమ్ కన్సోలు మీద టీవీ చూడడం కొత్తేమీ కాదు. బీబీసీ ఐప్లేయర్ 2008లోనే నింటెండో వీ మీదకి వచ్చింది. అదే ఏడాది నవంబరులో నెట్‌ఫ్లిక్స్ ఎక్స్‌బాక్స్ 360 మీద, 2009 నవంబరులో ప్లేస్టేషన్ 3 మీద మొదలయ్యింది. ఎమిరేట్స్‌కి స్టార్జ్‌ప్లే 2015లో, నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో వచ్చాయి. ఆ తరువాత "మన యాప్ కూడా కన్సోలులో ఉండాలి" అనుకున్న ఒక క్లయింటు దగ్గర నేను కన్సల్టెంటుగా చేరాను.

వెబ్‌సైటు చేసిన చేతికి టీవీ యాప్ మొదట్లో కొరుకుడు పడదు. కంప్యూటరు మనకి రెండడుగుల దూరంలో ఉంటుంది, టీవీ పది అడుగుల దూరంలో. అందుకే అక్షరాలు పెద్దవిగా ఉండాలి. మౌసు లేదు, ఉన్నవి నాలుగు దిక్కులే. ఏ క్షణంలో చూసినా ఏ బొమ్మ మీద ఉన్నామో స్పష్టంగా మెరుస్తూ కనిపించాలి. కొన్ని టీవీలు తెర అంచుల్ని కత్తిరించేస్తాయి కాబట్టి నాలుగువైపులా దాదాపు 5 శాతం ఖాళీ వదలాలి. ఇవన్నీ శ్రద్ధగానే చేశాం.

ఇక పరీక్ష. అయిదుగురు యూజర్లతో పరీక్షిస్తే దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయని యాకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆఫీసులోనే అయిదుగురు కుర్రాళ్ళని కూర్చోబెట్టాం. అందరూ గేములు బాగా ఆడేవాళ్ళే. ఒక్కొక్క పనికి పది నిమిషాలు. అందరూ పాసయ్యారు, మేమూ పాసయ్యామనుకున్నాం.

ఆ రోజుల్లోనే అమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. కరామాలోని ఫ్లాటులో పగలంతా ఒక్కర్తే. నేను ఆఫీసుకి వెళ్ళేముందు ప్లేస్టేషన్ 4లో ఏదో పాత సినిమా పెట్టి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు సినిమా మధ్యలో కుక్కరు కూత వేసింది. సినిమా ఆపుదామని అమ్మ కంట్రోలరు తీసుకుంది. చాలాసేపు ముట్టుకోకపోతే అది తనంతట తానే నిద్రపోతుంది. ఎక్స్‌బాక్సు కంట్రోలరైతే 15 నిమిషాలకే. మధ్య బటను నొక్కితే లేస్తుంది, మరోసారి నొక్కితే యాప్ వదిలి కన్సోలు మొదటి తెరకి పోతుంది. అమ్మ రెండుసార్లూ నొక్కింది. సినిమా మాయం.

సాయంత్రం నేను వచ్చేసరికి టీవీ ఎదురుగా ఊరికే కూర్చుని ఉంది. "ఏదో నొక్కేశాన్రా, పాడైపోయిందేమో! ఖరీదైన వస్తువని మళ్ళీ ముట్టుకోలేదు" అంది.

మర్నాడు ఆఫీసులో మా యాప్ మీద అదే చేసి చూశాను. తిరిగి లోపలికి వస్తే సినిమా మొదటినుంచి మొదలయ్యింది! పది నిమిషాల పరీక్షలో కంట్రోలరుకి నిద్రపోయే అవకాశమే రాలేదు, ఇక లోపం ఎలా దొరుకుతుంది? నీల్సన్ వ్యాసం మళ్ళీ తీశాను. వేరువేరు రకాల యూజర్లు ఉంటే ప్రతి రకం నుంచీ కొందరిని పిలవాలని అందులోనే ఉంది. మేము చదివింది సగమే.

"గేములు ఆడనివాళ్ళు కన్సోలు ముట్టుకోరు కదా" అన్నాడు మేనేజరు. మా అమ్మ సంగతి చెప్పాను. కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.

ఈసారి గేములు ఆడేవాళ్ళు ముగ్గురు, కంట్రోలరు ఎన్నడూ పట్టని ఇంటి పెద్దలు ముగ్గురు, అరబిక్‌లో చదివేవాళ్ళు ముగ్గురు. ప్రతి ఒక్కరికీ గంటసేపు సినిమా. మేము నోరు మెదపకుండా వెనక కూర్చున్నాం. అరబిక్ తెరలో సినిమాల వరుస కుడినుంచి ఎడమకి నడుస్తుంది, అంటే ఎడమ బటను ముందుకి తీసుకువెళ్తుంది. సినిమా ఆడుతున్నప్పుడు కాలం చూపించే గీత మాత్రం ఎడమనుంచి కుడికే. గూగుల్ డిజైను సూత్రాలు కూడా దాన్ని తిప్పవద్దనే అంటాయి. ఒక పెద్దాయన ఎడమ బటను నొక్కి ముందుకి వెళ్దామనుకుని, చూసేసిన సీనుకే మళ్ళీ మళ్ళీ వచ్చారు. గీతని తిప్పలేదు గానీ, ఏ బటను ఎటు తీసుకువెళ్తుందో దానిపక్కనే బాణాలతో చూపించాం. సినిమా ఎక్కడ ఆగిందో కొన్ని సెకండ్లకోసారి సర్వరులో దాచి, తిరిగి రాగానే "ఆపిన చోటినుంచి" అన్న బటను ముందు మెరిసేలా చేశాం. గేములు ఆడే కుర్రాళ్ళకీ అది నచ్చింది.

ఈసారి మీరు టీవీ యాప్ ఏదైనా చేస్తే, విడుదలకి ముందు ఇంట్లో పెద్దవాళ్ళ చేతికి కంట్రోలరు ఇచ్చి పక్కగదిలోకి వెళ్ళిపోండి. కుక్కరు కూత వేసేదాకా ఆగండి. మిగిలిన లోపాలు అప్పుడు బయటపడతాయి.