పచ్చళ్ల సీసా, ఎండు చేప, మామిడి పండు.. ఫోన్‌లో అమ్మితే నిజంగా లాభమేనా? చిన్న వ్యాపారులు ఎక్కడ బోల్తా పడుతున్నారు?

సింగరాయకొండ: ఒంగోలు నుంచి నెల్లూరు వైపు వెళ్లే 16వ నంబర్ జాతీయ రహదారి మీద ఉన్న ఊరు సింగరాయకొండ. రైల్వే స్టేషన్ ఉంది. తూర్పున పాకల బీచ్, పడమర కందుకూరు రోడ్డు, దక్షిణానికి కాస్త వెళ్తే ఉలవపాడు మామిడి తోటలు. రొయ్యలు, ఎండు చేపలు, మిర్చి, పచ్చళ్లు.. అమ్మడానికి సరుకుకు ఇక్కడ కొదవ లేదు. కొదవంతా కొనేవాళ్లకే. ఊళ్లో జనం ఎంతమందో అంతే గిరాకీ. అందుకే ఇలాంటి ఊళ్లలో ఇప్పుడు చాలామంది చిన్న వ్యాపారుల చూపు ఫోన్ మీద పడింది. వాట్సాప్‌లో ఫొటో పెడితే హైదరాబాద్ నుంచి ఆర్డర్ వస్తుంది, ఇన్‌స్టాలో రీల్ పెడితే బెంగళూరు నుంచి వస్తుంది అని.

వస్తుంది కూడా. కానీ ఆర్డర్ రావడం వేరు, డబ్బు మిగలడం వేరు. ఈ రెండింటి మధ్యలో ఏం జరుగుతుందో చూద్దాం.

ముందు వాట్సాప్ సంగతి

మన దగ్గర చిన్న వ్యాపారానికి మొదటి ఆన్‌లైన్ దుకాణం వాట్సాపే. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. అందులో క్యాటలాగ్ పెట్టుకోవచ్చు. అంటే ఏ పచ్చడి పావు కేజీ ఎంత, అర కేజీ ఎంత అని ఫొటోతో సహా కనిపిస్తుంది. దుకాణం వేళలు పెట్టొచ్చు. రాత్రి పది దాటాక ఎవరైనా మెసేజ్ పెడితే 'రేపు ఉదయం రిప్లై ఇస్తాం' అని దానంతట అదే వెళ్లేలా చేయొచ్చు. కొత్త ఆర్డర్, డబ్బు రావాల్సింది, పార్సిల్ పంపాల్సింది అని లేబుల్స్ కూడా పెట్టుకోవచ్చు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఒక బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో 256 మందిని చేర్చొచ్చు. అయితే అవతలివాళ్లు మీ నంబర్‌ను సేవ్ చేసుకుంటేనే ఆ మెసేజ్ వాళ్లకు చేరుతుంది. రెండొందల మందికి పంపాం, ఒక్కరూ పలకలేదు అని బాధపడేవాళ్లలో సగం మంది దెబ్బతినేది ఇక్కడే. కాబట్టి దుకాణానికి వచ్చిన ప్రతి కస్టమర్‌నీ 'అక్కా, మా నంబర్ సేవ్ చేసుకోండి, కొత్త ఆవకాయ కలపగానే చెప్తాం' అని అడగడం పెద్ద పెద్ద యాడ్స్ కంటే మేలు. అడగకుండా ఊరందరినీ గ్రూపుల్లో పడేస్తే మాత్రం జనం బ్లాక్ కొడతారు, రిపోర్ట్ కొడతారు. ఎక్కువ రిపోర్టులు వస్తే నంబరే పోయే ప్రమాదం ఉంది. ఆ నంబర్‌తో పాటు కస్టమర్లూ పోతారు.

రెండోది గూగుల్ మ్యాప్స్. హైవే మీద వెళ్లే కారు ఆగాలంటే దుకాణం మ్యాప్‌లో కనపడాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా ఉచితమే. పేరు, ఫోన్ నంబర్, వేళలు, నాలుగు మంచి ఫొటోలు చాలు. పేరు తెలుగులో ఒకలా, ఇంగ్లిష్‌లో ఇంకోలా, బోర్డు మీద మరోలా ఉంటేనే తలనొప్పి.

ధర చెప్పడానికి మొహమాటం ఎందుకు?

ఫేస్‌బుక్, ఇన్‌స్టా పోస్టుల కింద ఎక్కువగా కనిపించే మాట 'ధరకు ఇన్‌బాక్స్ చేయండి'. కొనేవాళ్లకు ఇంతకంటే చిరాకు లేదు. ధర రాస్తే పక్క దుకాణం వాడు రూపాయి తగ్గిస్తాడని భయం. నిజమే, తగ్గిస్తాడు. కానీ ధర దాచిన పోస్టు దగ్గర జనం ఆగరు, కిందకి స్క్రోల్ చేసేస్తారు. ధరతో పాటు బరువు, పార్సిల్ ఖర్చు, ఎన్ని రోజుల్లో వస్తుంది, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది.. ఈ నాలుగూ రాస్తే వచ్చే మెసేజ్‌లు సగానికి తగ్గుతాయి, వచ్చినవాళ్లు కొనేవాళ్లే అయి ఉంటారు.

ఇక వీడియోల విషయానికొస్తే, ఖరీదైన కెమెరా అక్కర్లేదని మన గుంటూరు జిల్లా మస్తానమ్మే చూపించింది. వందేళ్లు దాటిన ఆ అవ్వ పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండుతుంటే 'కంట్రీ ఫుడ్స్' యూట్యూబ్ ఛానల్‌ను లక్షల మంది సబ్‌స్క్రైబ్ చేసుకున్నారు. 2018 డిసెంబర్‌లో ఆమె చనిపోతే విదేశీ మీడియా కూడా వార్త రాసింది. తెలంగాణలో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' వచ్చింది, గంగవ్వ స్టార్ అయింది. ఈ రెండింట్లోనూ జనం చూసింది ఊరిని, చేతి పనిని, మాట తీరుని.

దుకాణానికీ అదే వర్తిస్తుంది. మిర్చి ఎండబెట్టడం, తొడిమలు తీయడం, రోట్లో దంచడం, మామిడికాయ ముక్కలు కొట్టి తుడవడం.. ఇవన్నీ వీడియోలే. జనవరి తర్వాత కొత్త మిర్చి, ఎండాకాలంలో ఆవకాయ, మామిడి పండ్లు.. సీజన్ చూసి పెట్టుకుంటే ఏడాదంతా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ట్రెండింగ్ పాటకు డ్యాన్స్ చేస్తే వ్యూస్ వస్తాయేమో గానీ, ఆ చూసినవాళ్లు పచ్చడి కొనరు.

ఒక్క రాత్రిలో దుకాణం మాయం

2020 జూన్ 29. కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఉంది. అప్పటిదాకా లక్షల ఫాలోవర్లను కూడగట్టుకున్నవాళ్లకు తెల్లారేసరికి ఏమీ మిగల్లేదు. ఎవరిదీ తప్పు కాదు, కానీ ఆ ఫాలోవర్ల ఫోన్ నంబర్ ఒక్కటీ వాళ్ల దగ్గర లేదు.

యాప్ పోవడమే కాదు, అకౌంట్ హ్యాక్ అయినా ఇదే పరిస్థితి. అందుకే పాత కస్టమర్ల పేర్లు, నంబర్లు, ఎవరు ఏం కొన్నారు అన్నది ఒక పుస్తకంలోనో, ఎక్సెల్ షీట్‌లోనో విడిగా ఉండాలి. వాట్సాప్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోవాలి. కాస్త నిలదొక్కుకున్నాక సొంత పేరుతో చిన్న వెబ్‌సైట్ ఉంటే ఇంకా మంచిది. పచ్చడి ఎలా చేస్తారో, ఏ నూనె వాడతారో అక్కడ రాసి పెడితే గూగుల్‌లో వెతికేవాళ్లకు ఏళ్ల తరబడి దొరుకుతుంది. రీల్ ఆయుష్షు నాలుగు రోజులే.

ఇప్పుడు లెక్క చూడండి

పాకల రోడ్డులో ఒక చిన్న పచ్చళ్ల వ్యాపారం ఉందనుకుందాం. కేజీ ధర 500, పార్సిల్ ఉచితం అని పెట్టారు. సరుకు, కూలి 320 రూపాయలు. సీసా, ప్యాకింగ్ 40. కొరియర్ 90. మిగిలేది 50. పది ఆర్డర్లకు 500 మిగలాలి. బానే ఉంది కదా?

ఆ పది ఆర్డర్లూ క్యాష్ ఆన్ డెలివరీ అనుకోండి. ఒకరు 'ఇప్పుడు వద్దు' అని వెనక్కి పంపారు. మిగతా తొమ్మిదింటి మీద వచ్చింది 450. తిరిగొచ్చిన దానికి రానూపోనూ కొరియర్ 180, ప్యాకింగ్ 40 పోయాయి. పచ్చడి బాగుండి మళ్లీ అమ్మగలిగితే చేతిలో 230 ఉంటుంది. సీసా కారిపోయి పచ్చడి కూడా పారేయాల్సి వస్తే ఇంకో 320 పోతుంది. అంటే పది ఆర్డర్లు పంపి 90 రూపాయలు ఎదురు నష్టం. పదిలో ఒక్కటి తిరిగొచ్చినందుకు!

'ఫ్రీ డెలివరీ' అని రాసే ముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి. కొత్త కస్టమర్ దగ్గర కనీసం పార్సిల్ ఖర్చు ముందే తీసుకునేవాళ్లు ఉన్నారు. ఆర్డర్లు కొన్ని తగ్గుతాయి, కానీ నిద్ర పడుతుంది.

హైదరాబాద్ పార్సిల్.. ఇక్కడే ట్విస్ట్

ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవర్ 40 లక్షల రూపాయలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఆన్‌లైన్ మార్కెట్ సైట్లలో అమ్మేవాళ్లకు ఇంతకుముందు తప్పనిసరి చేశారు. 2023 అక్టోబర్ 1 నుంచి సొంత రాష్ట్రంలోనే అమ్మే చిన్న వ్యాపారులకు మినహాయింపు ఇచ్చారు. అయితే పక్క రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువున్నా రిజిస్ట్రేషన్ కావాలన్నది సాధారణ రూల్. హస్తకళల వస్తువులు కొన్నిటికి మాత్రం వెసులుబాటు ఉంది. 2014 జూన్ 2 తర్వాత హైదరాబాద్ మనకు పక్క రాష్ట్రమే. పచ్చళ్ల ఆర్డర్లు ఎక్కువ వచ్చేదేమో అక్కడి నుంచే! ఆర్డర్లు పెరుగుతున్నాయనిపిస్తే ఆడిటర్‌ను ఒకసారి కలిసి మాట్లాడుకోవడం ఉత్తమం.

తినే వస్తువైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదు. ఇంట్లో చేసి అమ్మినా అంతే. 14 అంకెల ఆ నంబర్ లేబుల్ మీద ఉండాలి. తయారు చేసిన తేదీ, బరువు, ధర, చిరునామా కూడా.

'ఆర్మీ ఆఫీసర్' ఆర్డర్

ఫోన్ నంబర్ అందరికీ తెలిశాక మోసగాళ్లకూ తెలుస్తుంది. బాగా నడుస్తున్న మోసం ఏంటంటే.. ఆర్మీ క్యాంప్ నుంచి అంటూ ఫోన్ వస్తుంది. యాభై కేజీల ఆర్డర్. అడ్వాన్స్ పంపుతాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటారు. కొట్టగానే డబ్బు రాదు, పోతుంది. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పంపడానికే కావాలి. పేమెంట్ చేసినట్టు ఫేక్ స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్లూ ఉన్నారు. బ్యాంక్ ఖాతాలో పడ్డాయో లేదో చూసుకున్నాకే పార్సిల్ కట్టాలి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

నోరు జారినా నష్టమే. 2025 ఏప్రిల్‌లో ధర ఎక్కువ అన్న కస్టమర్‌కు ఒక తెలుగు పచ్చళ్ల బ్రాండ్ నుంచి బూతులతో వాయిస్ మెసేజ్ వెళ్లింది. అది వైరల్ అయ్యి రెండు రాష్ట్రాల్లో మీమ్స్ కింద మారింది. సోషల్ మీడియాతోనే పెరిగిన వ్యాపారానికి అదే సోషల్ మీడియాలో దెబ్బ తగిలింది.

అమెరికాలో ఉన్న మనవాళ్ల మీద ఆధారపడ్డవాళ్లకు ఇంకో పాఠం అదే ఏడాది దొరికింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. దానికి ముందే ఆగస్టు 25 నుంచి ఇండియా పోస్ట్ అక్కడికి పార్సిళ్లు తీసుకోవడం ఆపేసింది. మళ్లీ మొదలైంది అక్టోబర్ 15న. మధ్యలో దసరా వెళ్లిపోయింది. ఆ సీజన్‌లో ఊళ్లోనూ, ఒంగోలులోనూ కస్టమర్లను నిలుపుకున్న దుకాణాలకు నెల గడిచింది. అమెరికా ఆర్డర్లనే నమ్ముకున్నవాళ్ల సీసాలు అటక మీదే ఉండిపోయాయి.