వాడు మానేశాడు.. మీవల్ల ఎందుకు కావట్లేదు?

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివేవాళ్లకి ఇది కొత్తేం కాదు. సాగర్ రోడ్డు పక్కన టీ కొట్టు, బస్సు వచ్చేలోపు ఓ చాయ్, ఇద్దరికీ కలిపి ఒక సిగరెట్. ‘ఏం కాదు లేరా మామా, సెమిస్టర్ అయిపోగానే మానేద్దాం’ అనుకుంటారు. ఒకడు నిజంగానే మానేస్తాడు. రెండోవాడికి పొద్దున్నే ఒకటి పడనిదే బుర్ర పనిచేయదు. ఆ రెండోవాడు మీరే అయితే, ‘నాకు విల్‌పవర్ లేదు’ అని తిట్టుకునే ముందు కాస్త ఆగండి. తేడా కొంత మీ జన్యువుల్లోనూ ఉండొచ్చు.

నికోటిన్‌కు ఒకరు బానిసై, మరొకరు కాకపోవడంలో సుమారు సగం వంశపారంపర్యమేనని కవలలపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. మిగతా సగం స్నేహితులు, ఇల్లు, ఒత్తిడి, పక్కనే ఉన్న పాన్ డబ్బా. (విద్యాసంస్థలకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం ఉంది. ఆ గజాలు కొలిచేదెవరో మరి!)

మన కాలేయంలో సీవైపీ2ఏ6 అనే ఎంజైమ్ నికోటిన్‌ను విడగొడుతుంది. ఇది చురుగ్గా ఉన్నవాళ్ల ఒంట్లో నికోటిన్ త్వరగా తగ్గిపోతుంది. దాంతో చెయ్యి మళ్లీ జేబులోకి వెళ్తుంది. నిదానంగా ఉన్నవాళ్లు సగటున తక్కువ కాలుస్తారు, మానడమూ వాళ్లకి కొంత తేలిక. మీ మామ ఈ రకమేమో!

ఇంకోటి 15వ క్రోమోజోమ్ మీది సీహెచ్ఆర్ఎన్ఏ5 జన్యువు. మెదడులో నికోటిన్ అతుక్కునే గ్రాహకంలో ఒక భాగాన్ని ఇది తయారు చేస్తుంది. ఆ భాగం లేని ఎలుకలు, మామూలు ఎలుకలు వద్దనుకునే మోతాదులోనూ నికోటిన్ తీసుకుంటూనే పోయాయని 2011లో తేలింది. ‘ఇక చాలు’ అని చెప్పే బ్రేకు వాటిలో సరిగా పడలేదన్నమాట. మనుషుల్లో ఈ జన్యువులోని ఒక మార్పు ప్రభావం రోజుకు సుమారు ఒక సిగరెట్ తేడా. అంతే. జన్యువు వల్ల మానడం కష్టమవుతుందేమో గానీ, అసాధ్యం కాదు.

అసలు చిక్కేంటంటే, మొదటి సిగరెట్ ముట్టించేటప్పుడు మీరు ఏ రకమో మీకు తెలియదు. ఇంట్లో నాన్నో, బాబాయో బీడీ మానలేక అవస్థపడితే అది మీకో సూచన. ‘మా తాత తొంభై ఏళ్లు చుట్ట తాగి బతికాడు’ అనే లెక్క మాత్రం పెట్టుకోకండి. ఆయన జన్యువుల్లో మీకు వచ్చింది పావు వంతే.

ఇప్పటికే అలవాటైందా? జన్యు పరీక్షల కోసం పరుగెత్తనక్కర్లేదు. నిద్రలేచిన అరగంటలోపే వెలిగిస్తున్నారంటే పట్టు గట్టిగానే ఉన్నట్టు. అలాంటప్పుడు ఒంటరిగా పంతానికి పోకుండా డాక్టర్‌ని కలవండి. నికోటిన్ గమ్, ప్యాచ్, మాత్రలు ఉన్నాయి. ఏది ఎవరికి బాగా పనిచేస్తుందన్నది కూడా ఆ కాలేయపు వేగాన్ని బట్టి మారుతుందని 2015లో ఒక పరిశోధన చూపింది. మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం ఎక్కువ. అందుకే ఇంటర్నల్స్ ఉన్న వారంలో మొదలుపెట్టొద్దు. ఫోన్‌లో మాట్లాడితే చాలనుకుంటే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356, కాల్ ఉచితం. మీ మామకీ ఒక మాట చెప్పండి, టీ కొట్టు దగ్గర కొన్నాళ్లు చాయ్ మాత్రమే అని.