మీకు తెలుసా? ముందు కిటికీ, ఆ తర్వాతే బెల్టు

సముద్రం మధ్య చమురు ప్లాట్‌ఫాం మీద ఉద్యోగం వచ్చినవాళ్లు స్పానర్ పట్టకముందే నీళ్లలో మునిగిన హెలికాప్టర్‌లోంచి బయటపడటం నేర్చుకోవాలని మీకు తెలుసా?

హెలికాప్టర్‌కు ఇంజిన్ల బరువు పైభాగంలోనే ఉంటుంది. నీళ్లలో పడితే ఇట్టే తిరగబడుతుంది. అందుకే శిక్షణలో ఈత కొలను మీద ఒక డబ్బాను వేలాడదీసి, అందులో మనుషుల్ని బెల్టు కట్టి కూర్చోబెట్టి, నీళ్లలోకి దించి తలకిందులు చేస్తారు. ముక్కులోకి నీళ్లెక్కుతాయి. ఏది పైనో ఏది కిందో తెలియదు. చెయ్యి దానంతటదే బెల్టు మీదికి పోతుంది. పోనివ్వకూడదు! ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకునే ఉండాలి. డబ్బా కదలడం ఆగాక కిటికీని బయటికి తోసి, అప్పుడు బెల్టు విప్పాలి. ముందే విప్పారా, ఒళ్లు తేలిపోతుంది. కిటికీని తోయడానికి ఆసరా ఉండదు. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న ఓపీటో ప్రమాణాల్లో ఈ సర్టిఫికెట్ గడువు 4 ఏళ్లే. ఎంత అనుభవజ్ఞుడైనా మళ్లీ కొలనులో దిగాల్సిందే.

ఇంకో నైపుణ్యం చూడ్డానికి చాలా చిన్నది: షిఫ్టు మారేటప్పుడు పని సరిగ్గా అప్పజెప్పడం. 1988 జూలై 6న స్కాట్లండ్ తీరానికి దూరంగా ఉన్న పైపర్ ఆల్ఫా చమురు ప్లాట్‌ఫాంలో మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వు తీశారు. ఆ సంగతి రాత్రి షిఫ్టు వాళ్లకు చేరలేదు. రెండో పంపు ఆగిపోవడంతో వాళ్లు ఈ వాల్వు తీసిన పంపునే నడిపించారు. గ్యాస్ లీకై పేలింది. 167 మంది చనిపోయారు, 61 మంది బతికారు. చేరాల్సిన ఒక్క మాట చేరనందుకు ఇంత ప్రాణనష్టమా అని తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ తర్వాత లార్డ్ కలెన్ విచారణ సంఘం 106 సిఫార్సులు చేసింది.

మన కాకినాడ తీరానికి ఆవల కృష్ణా–గోదావరి బేసిన్‌లోనూ, లోతు సముద్రపు బ్లాకు నుంచి ఓఎన్‌జీసీ 2024 జనవరిలో చమురు తీయడం మొదలుపెట్టింది. ఆ పనికి వెళ్లాలనుకునే మన పిల్లలు డిగ్రీతో పాటు ఈ రెండూ నేర్వాలి.

ఇలాంటి నైపుణ్యాలు చమురు పనికే పరిమితం కావు. బ్రిటన్‌లో చమురు, గ్యాస్ కార్మికుల్లో 90 శాతానికి పైగా మందికి పవన విద్యుత్తు లాంటి ఇతర ఇంధన రంగాల్లో పనికొచ్చే నైపుణ్యం ఉందని 2021లో అబర్డీన్‌లోని రాబర్ట్ గోర్డన్ యూనివర్సిటీ అంచనా వేసింది. కానీ గాలిమరల దగ్గర పనికి వేరే సర్టిఫికెట్లు అడుగుతారు. వచ్చిన పనికే మళ్లీ డబ్బు కట్టి శిక్షణ తీసుకోవడం ఏం న్యాయమని కార్మికులు ఏళ్ల తరబడి అడిగారు. ఒక రంగంలో నేర్చిన పని ఇంకో రంగంలోనూ చెల్లేందుకు తోడ్పడేలా 2025లో అక్కడ నైపుణ్యాల పాస్‌పోర్టు మొదలైంది.