రోమను వెండి నాణెములపై రాణులును దేవతలును

ప్రాచీన రోమకుల వెండి నాణెమునకు దేనారియస్ అని పేరు. అది బొటనవ్రేలి గోరంత యుండును. తిబెరియస్ చక్రవర్తి (క్రీ. శ. 14–37) కాలపు దేనారియస్సులు వర్తకముతో మన దేశమునకును వచ్చినవి, నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో దొరికిన నాణెముల రాశిలో నట్టివి కలవు. సువార్తలో పన్నునుగూర్చిన ప్రశ్నకు చూపబడిన దేనారము సయితము ఇదియే యని పెక్కుర యభిప్రాయము. దాని వెనుకవైపున కొమ్మ పట్టుకొని కూర్చున్న స్త్రీ యొకతె యున్నది. ఆమె పేరు నాణెముపై లేదు. శాంతిదేవత రూపమున నున్న రాజమాత లివియాయే యని పలువురు పండితులు తలంతురు.

తరువాతి శతాబ్దిలో ఇట్టి మరుగు లేదు. అంటోనినస్ పయస్ భార్యయగు ఫౌస్టీనా 140 ప్రాంతమున మరణింపగా సెనేటువా రామెను దేవతగా ప్రకటించిరి. ఆమె నాణెములపై ఒకవైపు రాణి ముఖము, రెండవవైపు ధాన్యదేవత సెరెస్, గృహాగ్నిదేవత వెస్టా, లేక జూనో. కొన్నింటిపై జూనో పక్షియగు నెమలి మాత్రమే యుండును. చదువురాని వానికిని సంగతి తెలియవలె ననుటయే ఇందలి యుపాయము.

అయినను నాణెము చెప్పునది నగరువారు చెప్పింపదలచిన మాటయే కాని జరిగిన మాట కాదు. ఇందుకు ప్లాటిల్లా కథకంటె స్పష్టమైన నిదర్శనము మాకు కనబడలేదు. సెప్టిమియస్ సెవెరస్ తన కుమారుడు కరకల్లాకు 202లో ఈమెను బలవంతముగా పెండ్లిచేసెను. వరునకు ఆమె యన్న గిట్టదు. నాణెములపై మాత్రము ఐకమత్యదేవత కంకార్డియా నిలిచియున్నది. మరికొన్నింటిపై దంపతులు కుడిచేతులు పట్టుకొని యున్నారు. ఆ వెండియు మేలిమి కాదు. సెవెరస్ కాలమునకు నాణెములో వెండి రమారమి సగమునకు దిగినది! 205లో ప్లాటిల్లా తండ్రి చంపబడెను; ఆమె లిపారి ద్వీపమునకు వెడలగొట్టబడెను. 211లో మామ చనిపోయిన పిమ్మట ఆమెయు చంపబడినది.

అంతట శిలలపైని ఆమె రూపములను చెక్కివేసిరి. రోమునగరమున నాణెముల మారకపువర్తకులు పశువర్తకులతో గూడి కట్టించిన ద్వారమొకటి నేటికిని నిలిచియున్నది. అందు కరకల్లా ప్రక్కన ఆమె యుండిన చోట వట్టి రాయి కనబడును. జనుల చేతులలోనికి పోయిన నాణెములను మాత్రము ఎవరును చెక్కలేకపోయిరి. వానిపై భార్యాభర్త లిరువురును చేయి వదలక నిలిచియున్నారు.