సైకిలు మీద శాంతియాత్ర – ఒక లెక్క



ఆగస్టు 6వ తేదీని హిరోషిమా దినంగా జరుపుకుంటాం. 1945లో ఆ రోజు ఉదయం 8 గంటల 15 నిమిషాలకు జపానులోని హిరోషిమా నగరంపై అణుబాంబు పడింది. ఒక నగరంపై అణుబాంబు వేయడం అదే మొదటిసారి. ఆ దినాన్ని తలచుకుంటూ అనేకచోట్ల పిల్లలు శాంతి ఊరేగింపులు తీస్తారు. కొన్నిచోట్ల సైకిళ్లపై యాత్ర చేసి, చందాలు పోగుచేసి మంచి పనికి ఇస్తారు. శాంతిని గురించి చెప్పడానికి సైకిలే ఎందుకు? సైకిలుకూ బాంబుకూ పోలికేమిటి? రండి, ఒక లెక్క చేసి చూద్దాం.

మధ్యరకం వేగంతో సైకిలు తొక్కే మనిషికి కిలోమీటరుకు సుమారు 25 కిలోకేలరీల శక్తి ఖర్చవుతుంది. అంటే ఆరు గ్రాముల పంచదార, ఒక చెంచాడు! అదే దూరం నడిస్తే దాదాపు రెట్టింపు కావాలి. కారణం తెలుసా? నడిచేటప్పుడు అడుగడుగునా మన బరువును మనమే కొంచెం పైకెత్తి దించుతాం. సైకిలు మీద ఆ బరువును సీటు మోస్తుంది. ఇరుసుల్లోని ఉక్కు గుండ్లు ఘర్షణను తగ్గిస్తాయి. కనుక మన కాళ్ల శక్తిలో ఎక్కువ భాగం ముందుకు కదలడానికే పనికివస్తుంది.

ఇక బాంబు సంగతి. హిరోషిమా బాంబులో సుమారు 64 కిలోల యురేనియం ఉంది. అందులో విచ్ఛిత్తి చెందినది ఒక కిలోకు లోపే. అయినా అది 15,000 టన్నుల టి.ఎన్.టి. పేలుడు పదార్థానికి సమానమైన శక్తిని విడుదల చేసింది. వెయ్యి టన్నుల టి.ఎన్.టి. అంటే 100 కోట్ల కిలోకేలరీలు. కాబట్టి బాంబు శక్తి 1500 కోట్ల కిలోకేలరీలు. దీన్ని 25తో భాగించండి. 60 కోట్ల కిలోమీటర్లు వస్తుంది! భూమి నుండి సూర్యునికి దూరం 15 కోట్ల కిలోమీటర్లు. అంటే సూర్యుని దాకా సైకిలు మీద వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ ఒకసారి వెళ్లిరాగలిగినంత శక్తి ఒక్క క్షణంలో ఒక నగరం మీద కుమ్మరించారన్నమాట. 1945 చివరికి అక్కడ సుమారు 1,40,000 మంది మరణించారని అంచనా.

అంకెలు పెద్దవైతే మనసుకు అందవు. అందుకే ఒక చిన్న వస్తువును గురించి చెబుతాను. బాంబు పడిన చోటికి సుమారు 1500 మీటర్ల దూరంలో, నాలుగేళ్లు నిండని షిన్ అనే బాలుడు ఇంటిముందు మూడు చక్రాల సైకిలు తొక్కుకుంటున్నాడు. ఒళ్లంతా కాలి ఆ రాత్రే చనిపోయాడు. అంత చిన్నవాణ్ణి ఒంటరిగా శ్మశానానికి పంపడానికి తండ్రికి మనసు రాలేదు. వాడికి ఎంతో ఇష్టమైన ఆ సైకిలుతోపాటు పెరటిలోనే పూడ్చిపెట్టాడు. నలభై ఏళ్ల తరువాత, 1985లో, అస్థికలను తవ్వితీసి కుటుంబ సమాధిలో ఉంచినప్పుడు, ఆ సైకిలును హిరోషిమా శాంతి స్మారక ప్రదర్శనశాలకు ఇచ్చాడు. తుప్పుపట్టిన ఆ సైకిలును నేడు దేశదేశాలవారు అక్కడ చూస్తున్నారు.

సైకిలు శాంతిదూత కావడం యూరపులోనూ జరిగింది. 1948లో వార్సా, ప్రాగ్ నగరాల మధ్య ‘శాంతి పందెం’ మొదలైంది. 1952లో ఆ మార్గంలో బెర్లిన్ కూడా చేరింది. ఆలోచించండి! వార్సాను నేలమట్టం చేసింది జర్మన్ సేనలే. యుద్ధం ముగిసిన ఏడేళ్లకే ఆ నగరాన్నీ బెర్లిన్‌నూ ఒకే సైకిలు దారి కలిపింది. తెల్ల పావురం చిహ్నంగా సాగిన ఈ పందెం చివరిసారి 2006లో జరిగింది.

మన యాత్ర మాత్రం పందెం కాదు. మీ సైన్సు మాస్టారి అనుమతితో మీరూ ఏర్పాటు చేసుకోవచ్చు. నలభై మంది విద్యార్థులు పది కిలోమీటర్లు తొక్కుతారనుకుందాం. ఒక్కొక్కరు ఐదుగురు ఇరుగుపొరుగు వారిని కలిసి, కిలోమీటరుకు రూపాయి చొప్పున ఇస్తామని మాట తీసుకోవాలి. 40 × 10 × 5 = 2000 రూపాయలు. ఆ డబ్బుతో ఊరి గ్రంథాలయానికి పుస్తకాలు కొనవచ్చు. లెక్కను అందరికీ కనిపించేలా నోటీసు బోర్డు మీద రాయండి.

బయలుదేరేముందు బ్రేకులు, గంట, గాలి సరిచూసుకోండి. అందరికన్నా నెమ్మదిగా తొక్కేవారిని ముందుంచండి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. బలవంతులు దూసుకుపోతే వారికి శక్తి వృథా, చిన్నవారికి ఆయాసం, జట్టు చెల్లాచెదురు.

మరో ముఖ్యమైన మాట. యాత్ర ఊరిలోని అన్ని వాడలగుండా సాగాలి. ఏ వీధికీ ఏ వీధికీ పడదో, కుళాయి దగ్గర ఎవరికీ ఎవరికీ మాటలు లేవో మీకు తెలుసు. ఆ రెండు వీధుల పిల్లలనూ పక్కపక్కన నడిపించండి. చందా రెండు చోట్లా అడగండి. దేశాల మధ్య శాంతి మన చేతిలో లేకపోవచ్చు, ఈ పని మాత్రం మన చేతిలోదే.

బాంబు శక్తి ఒక్క క్షణంలో విడుదలైంది. దానితో సమానమైన శక్తిని సైకిళ్లపై ఖర్చు చేయాలంటే 60 కోట్లమంది తలా ఒక కిలోమీటరు తొక్కాలి. మీ జట్టు ఎన్ని కిలోమీటర్లు తొక్కిందో, ఎన్ని చెంచాల పంచదార శక్తి ఖర్చయిందో మీరే లెక్కకట్టి మీ తరగతిలో చెప్పండి.