‘ఇంజనీరుని’ క్రియా? నామవాచకమా?

నేను ఇంజనీరుని. నువ్వు ఇంజనీరువి. మేం ఇంజనీర్లం.

ఈ మూడు వాక్యాల్లో క్రియ ఎక్కడుంది? వెతక్కండి, లేదు. ‘ఇంజనీరు’ అనే నామవాచకమే మనిషిని బట్టి తోక మార్చుకుంటోంది. ఇంగ్లీష్‌లో ఆ పని ‘యామ్’, ‘ఆర్’ చూసుకుంటాయి.

కాబట్టి నేను, నువ్వు, మేం అనేదాన్ని బట్టి చివర మారితే క్రియ అనే రూలు మన దగ్గర నడవదు. మరి తేడా ఎలా తెలుస్తుంది? కాలం మార్చి చూడండి. వచ్చాను, వస్తాను అంటాం. ‘ఇంజనీరుని’ మాత్రం నిన్నటికైనా ఇవాళ్టికైనా అదే.

భాషకి పునాది మనిషికి పుట్టుకతోనే ఉంటుందన్నది నోమ్ చామ్‌స్కీ సార్వత్రిక వ్యాకరణం. 1970లో ఆయన నామవాచకాన్ని, క్రియని, విశేషణాన్ని రెండే లక్షణాలతో విడదీశారు: నామ లక్షణం ఉందా, క్రియా లక్షణం ఉందా. కోడ్ రాసేవాళ్లకి ఇది రెండు బిట్ల లెక్క. (విశేషణానికి రెండూ ఆన్!) అన్ని భాషల్లో ఉంటాయనే ఇలాంటి లక్షణాలు చాలావరకు అపోహేనని 2009లో నికొలస్ ఎవాన్స్, స్టీఫెన్ లెవిన్సన్ వాదించారు.

ఎవరు గెలిచినా, ఫోన్‌కి తెలుగు నేర్పాలంటే లేబుళ్లు కావాల్సిందే. యూనివర్సల్ డిపెండెన్సీస్ ప్రాజెక్టు అన్ని భాషలకీ అవే 17 లేబుళ్లు పెట్టింది. లేబుళ్లు ఒకటే, గుర్తుపట్టే టెస్టులు మాత్రం ఏ భాషవి ఆ భాషకే ఉండాలని నా లెక్క. ఎందుకంటే ‘ఇంజనీరుని పిలవండి’లోనూ అదే ‘ని’ ఉంది. తోక చూసి ఊరుకునే ప్రోగ్రాంకి, నేనే ఇంజనీరునని చెప్తున్నానా, ఇంకెవరో ఇంజనీరుని పిలవమంటున్నానా అన్నది తెలీదు.